వీపు మీది మనిషి

కిందటి వారం మనం స్టూడియో పాపను చీకటి గదిలో ఎర్ర దీపం కింద నిలబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ మనిషి ఇంకా అక్కడే ఉంది. ఈ వారమే కథలో అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. పాతవాళ్ళు విసుక్కోకండి, మళ్ళీ వింటే అరిగిపోయేదేం లేదు.

పాప అంటే చిన్నపిల్ల కాదు, నలభై దగ్గర పడుతున్న మనిషి. గౌను వేసుకుని నాన్న స్టూడియోలో స్టూలెక్కి కూర్చున్న నాటి నుంచి వీధికి ఆమె స్టూడియో పాపే, జుట్టు నెరిసినా పాపే. వాళ్ళ నాన్న అడవి యుద్ధం రోజుల్లో మెడలో కెమెరా వేసుకుని సైనికుల వెంట తిరిగిన పత్రిక ఫోటోగ్రాఫర్. ఆయన తీసిన బొమ్మలు వేలల్లో ఉంటాయి గానీ, పేరు తెచ్చింది మాత్రం ఒక్కటే. వాగులోకి దిగుతున్న సైనికుడు, మొహమంతా బురద, వీపు మీద గాయపడ్డ తోటివాడు, ఎడమ చేతిలో తుపాకీ. ఆ ఎడమ చేతిని చూసే మన టీచరమ్మ పత్రిక పట్టుకుని సైన్యం కచేరీ మెట్లెక్కింది. అప్పటికే కచేరీవాళ్ళు ఆమె భర్త పేరు పక్కన 'కాపలా వదిలి పారిపోయాడు' అని రాసేసి ఉన్నారు. ఆయనది ఎడమచేతివాటం. "పారిపోయినవాడు ఇంకొకణ్ణి వీపున వేసుకుని మోస్తాడా అయ్యా?" అని ఆమె నిలదీసింది. ఆ దళంలో ఆ వారం దాటి బతికి బయటపడ్డవాళ్ళు లేరు, కాదని చెప్పేవాడూ లేడు. కచేరీ 'పారిపోయాడు' అన్న ఆ రాత కొట్టేసింది.

ఇప్పుడు ఊళ్ళో యుద్ధ స్మారక మందిరం కట్టారు. ఎల్లుండే ప్రారంభం. ఆ బొమ్మను గోడంత సైజులో వేసే పని పాపకు అప్పజెప్పారు. కింద టీచరమ్మ భర్త పేరు ఉంటుంది, తెర తీసేది టీచరమ్మ. ఈ పని కోసం పాత డబ్బాలోంచి అసలు నెగెటివ్ తీసిన పాపకు ఫిల్ము అంచు మీది అంకెలు కనిపించాయి. అంకెలు చదవడానికి వీలుగా పట్టుకుంటే తుపాకీ కుడిచేతిలోకి వచ్చింది. అంటే ఇన్నేళ్ళూ లోకం చూసిన బొమ్మ తిరగేసి అచ్చేసినది. అద్దంలో చూసినట్టు కుడి ఎడమైపోయింది. ఆ మోసేవాడిది ఎడమచేతివాటం కాదు. అతను టీచరమ్మ భర్తా కాదు.

నాన్నను అడిగితే తేలు కుట్టిన దొంగలా నిలబడి, పత్రికలో పేజీలు పెట్టేవాడు తిప్పమన్నాడని గొణిగాడు. "అందరికీ ఎలా తెలుసో అలాగే వెయ్యవే" అని మేడెక్కి తలుపేసుకున్నాడు. పాప ఏం చేసిందనుకున్నారు? పొద్దున్నే నెగెటివ్‌ను తనే తిరగేసి పెట్టింది. తన చేతులతో తనే గోడంత అబద్ధాన్ని అచ్చేసింది. చివరి కాగితం నీళ్ళలోంచి తీసి ఆరేసి, చాలాసేపటికి తలెత్తేసరికి బయట షాపులోంచి పిలుపు వినపడింది.

"పాపా! ఉన్నావా? లోపలికి రావచ్చా, లేకపోతే వెలుతురు పడి నీ కాగితాలేమైనా పాడైపోతాయా?"

టీచరమ్మ ఎప్పుడొచ్చినా అదే అడుగుతుంది. పాప చేతులు తుడుచుకుంటూ షాపులోకి వచ్చింది. నీలం తెర ముందు, పాస్‌పోర్టు ఫోటోలకు జనం కూర్చునే స్టూలు మీద టీచరమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక కాగితం సంచి ఉంది.

"అన్నయ్యకి చొక్కా తెచ్చాను. ఎల్లుండి ఆ అడవి రోజుల నాటి జేబుల కోటు తగిలించుకుని దిగబడతాడని నా భయం. దానికి పురుగులు కూడా విసుగెత్తి వదిలేసి ఉంటాయి. నా మాట ఎటూ వినడు, నువ్వైనా తొడుగు."

టీచరమ్మకు పాప నాన్న తోడబుట్టినవాడేం కాదు. ఆ బొమ్మ కలిపిన చుట్టరికం అది. అందుకే పాపకు ఆమె అత్తయ్య. పాప తల్లి పోయిన ఏడాది వచ్చి జడలు వేసింది ఈ అత్తయ్యే, లెక్కలు రాకపోతే నెత్తిన మొట్టికాయ వేసిందీ ఈ అత్తయ్యే. సొంత మేనత్త ఉన్నా అంత చెయ్యదేమో.

"నాన్నకి ఒంట్లో బాలేదత్తయ్యా. పడుకున్నాడు."

"అయ్యో, ఏమైంది? పైకెళ్ళి చూసొస్తానుండు."

"వద్దొద్దు, ఇప్పుడే కునుకు పట్టింది."

"సరే, లేపనులే. మరి బొమ్మ చూపించు. ఎల్లుండి అంతమంది ముందు మొదటిసారి చూసి భోరుమంటే బాగోదు కదా. ఏడ్చేదేదో ఇక్కడే ఏడ్చేసి పోతాను."

పాప కాగితాలు తడిగా ఉన్నాయని చెప్పబోయింది గానీ, అప్పటికే టీచరమ్మ లేచి నడవ దాటేసింది. షాపుకూ చీకటి గదికీ మధ్య ఉన్న హాల్లో, గోడ మీద పొడుగాటి కాగితాలు పక్కపక్కన వేలాడుతున్నాయి. అన్నీ కలిస్తే ఒకటే బొమ్మ. సైనికుడు మనిషి కంటే పెద్దగా ఉన్నాడు. బురదలో కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. వీపు మీదివాడి తల గుడ్డ కట్టుతో అతని మెడ మీద వాలిపోయి ఉంది, చేతులు రెండూ భుజాల మీదుగా ముందుకు వేలాడుతున్నాయి.

టీచరమ్మ ఏడవలేదు. దగ్గరికెళ్ళి తుపాకీ పట్టుకున్న చేతి ముందు నిలబడింది.

"ముట్టుకోవచ్చా? ఆరిందా?"

"ఆరింది."

"ఇదిగో, ఈ చెయ్యే. దీంతోనే అన్నం, దీంతోనే రాత. కొత్తలో మా అత్తగారు ఈ చేతికి గుడ్డ కట్టేదట, మాన్పించాలని. ఏం మానాడు, నా తలకాయ!" అంది నవ్వుతూ. మళ్ళీ తనే, "నీకు తెలీదు పాపా, అప్పటికి నువ్వు ఇంతదానివి. కచేరీ నుంచి ఆ కబురొచ్చాక నేను బోర్డు మీద లెక్క రాస్తుంటే వెనక బెంచీల కింద పిల్లలు కాళ్ళతో చప్పుడు చేసేవాళ్ళు. దబదబదబ అని. పరిగెత్తుతున్నట్టు. నేను తిరిగితే అందరూ బుద్ధిమంతులే. మా అబ్బాయి అదే క్లాసులో మూడో బెంచీలో కూర్చునేవాడు, తలొంచుకుని. వాడి కాళ్ళు మాత్రం బెంచీ కింద బిగుసుకుపోయి ఉండేవి. అది చూస్తూ లెక్కలు చెప్పాను. ఈ బొమ్మ అచ్చయ్యాక హెడ్మాస్టరు తెచ్చి నోటీసు బోర్డుకి అంటించాడు. ఆ రోజుతో కాళ్ళు ఆగిపోయాయి."

పాప నేల చూస్తూ వింది. చిన్నప్పుడు బళ్ళో నాన్న గురించి చెప్పమంటే తను ఛాతీ విరుచుకుని చెప్పిన మాట గుర్తొచ్చింది. 'మా నాన్న అడవిలో ఆకు కూడా కదపలేదు, ఉన్నది ఉన్నట్టే తీశాడు.' నాన్న సభల్లో చెప్పే మాటే అది. తను బట్టీపట్టి అప్పజెప్పింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఒళ్ళంతా చీదరగా అనిపించింది.

"అదేంటి పాపా?"

టీచరమ్మ మూల చూస్తోంది. అక్కడ తీగకు క్లిప్పుతో ఒక చిన్న ప్రింటు వేలాడుతోంది. నెగెటివ్‌ను ఉన్నదున్నట్టు పెట్టి, నిజం చూద్దామని నిన్న పాప తన కోసం వేసుకున్నది. తీసి దాచాలన్న బుద్ధి పుట్టలేదు దౌర్భాగ్యురాలికి.

"ఇందులో కుడిచేత్తో పట్టుకున్నాడేంటి?"

"అదా... అది టెస్టు ప్రింటు అత్తయ్యా. తిరగబడి పడింది. పారేద్దామని."

"హమ్మయ్య! గుండె ఆగినంత పనైందే. పొరపాటున అది తీసుకెళ్ళి గోడకెక్కించేవు, జాగ్రత్త!"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పాప ఆడింది చక్కగా అతికింది. అతికినందుకే ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీచరమ్మ అక్కడితో ఊరుకుందా అంటే అదీ లేదు.

"ఎల్లుండి నన్ను మాట్లాడమన్నారు. ఏం చెప్తాను, మీ నాన్న గురించి చెప్తాను. నేను పత్రిక పట్టుకుని వచ్చిన రోజు, 'ఔనమ్మా, మీ ఆయనే' అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? అనలేదు. 'పేరు అడగలేదమ్మా, బురదలో మొహం తెలీలేదు' అన్నాడు. తెలీనిది తెలీదన్నాడు. అందుకే ఆ బొమ్మని నమ్మాను పాపా. ఆ నోట అబద్ధం రాదు. ఆయన పెంపకం, నీకూ రాదు."

ఆ చివరి మాటే పాపను పడగొట్టింది. మిగతావన్నీ ఎలాగో మింగింది గానీ, ఇది దిగలేదు.

"టెస్టు ప్రింటు కాదత్తయ్యా," అంది. "అదే అసలు బొమ్మ. ఈ గోడ మీదిదే తిరగేసింది."

"ఏంటీ?"

పాప చెప్పింది. గబగబా, తలెత్తకుండా, మధ్యలో ఆగితే మళ్ళీ నోరు రాదేమోనన్నట్టు చెప్పింది. పత్రికలో పేజీలు పెట్టేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. బొమ్మలో మనిషి పేజీ బయటికి నడిచి వెళ్ళిపోతున్నట్టు ఉండకూడదు, లోపలికి వస్తున్నట్టు ఉండాలి. చదివేవాడి చూపు కూడా అతనితో లోపలికి వస్తుందని వాళ్ళ లెక్క. ఆ బొమ్మలో సైనికుడు బయటికి పోతున్నాడు. 'తిప్పెయ్, ఎవడికి తెలుస్తుంది' అన్నాడట పేజీల ఆయన. నాన్న నెగెటివ్ తిరగేసి వేసిచ్చాడు. అంతే జరిగింది. కుడిచెయ్యి ఎడమచెయ్యి అయింది.

టీచరమ్మ గోడ మీది బొమ్మను చూసింది. తీగకు వేలాడే బొమ్మను చూసింది. మళ్ళీ గోడను చూసింది. మనిషి నిలబడే ఉంది గానీ మొహంలో రంగు మొత్తం దిగిపోయింది.

అంతలో షాపులోంచి ఎవరో, "పాస్‌పోర్టు ఫోటో తీస్తారా అండీ?" అని కేకేశారు. పాప నడవలోకి తొంగిచూసింది. ఎవరో ఆయన అప్పటికే అద్దం ముందు దువ్వెన అందుకుని పాపిడి తీసుకుంటున్నాడు.

"ఇవాళ కుదరదండీ."

"రెండు నిమిషాల పనే కదమ్మా! చెవులు కనపడేలా తీస్తే చాలు."

"రేపు రా నాయనా," అంది టీచరమ్మ లోపల్నుంచి. "ఇంట్లో మనిషి పోయాడు."

ఆయన దువ్వెన అక్కడ పెట్టేసి, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. పాప వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వచ్చేసరికి టీచరమ్మ మెట్ల కింద నిలబడి ఉంది.

"అన్నయ్యా! కునుకు చాలు, కిందికి దిగండి."

మేడ మీద తలుపు తెరుచుకుంది. ముసలాయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చాడు. కూతురి మొహం చూశాడు, ఇక అడగాల్సిన పనేం లేకపోయింది. చివరి మెట్టు మీదే ఆగిపోయాడు.

"మొదట్నుంచీ తెలుసా నీకు?" అంది టీచరమ్మ. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు.

"తెలుసమ్మా."

"నేను ఆ పత్రిక గుండెలకి హత్తుకుని ఈ గుమ్మంలోకి వచ్చిన రోజు కూడా?"

"ఆ రోజూ తెలుసు."

"మరి నోరెందుకు విప్పలేదు? జాలేసిందా నన్ను చూస్తే?"

 "మీ కోసమే ఊరుకున్నానని చెప్పుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు నేనే. అది నిజం కాదు. తిరగేశారని తెలిస్తే, ఇంకేమేం చేశారని అడుగుతారు జనం. అప్పుడప్పుడే పేరొస్తోంది నాకు. అది పోతుందని భయపడ్డాను."

"ఛీ," అంది టీచరమ్మ. గట్టిగా కూడా అనలేదు. ముసలాయన ఆ మాటకు దెబ్బ తిన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. పాపకు నాన్న మీద జాలి కలగలేదు. ఆయన పక్కన నిలబడటానికే మనసొప్పక రెండడుగులు ఇవతలికి జరిగింది. జరిగాక, పొద్దున నెగెటివ్ తిరగేసింది తనే కదా అన్నది గుర్తొచ్చి, ఎటు జరగాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

టీచరమ్మ తీగ మీది ప్రింటు తీసుకుని, కాగితాలు కోసే బల్ల ముందు కుర్చీలో కూలబడింది.

"మరి ఇతనెవరు? ఎవడి పెళ్ళాం గర్వాన్ని నేను తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాను? ఎక్కడో ఆ ఇల్లాలు ఈ బొమ్మ చూసి, మా ఆయనలాగే ఉన్నాడు గానీ ఆయనది కుడిచెయ్యి కదా అనుకుని పక్కన పెట్టేసి ఉంటుంది. నేను మాత్రం దేశమంతా దండోరా వేయించాను. సిగ్గులేకుండా!"

"అత్తయ్యా, నీ తప్పేముంది..."

"నువ్వు మాట్లాడకు."

 టీచరమ్మ ఆ ప్రింటును చూస్తూ ఉండిపోయింది. చింపేస్తుందేమో అనుకుంది పాప. చింపితే చింపనీ అనుకుంది. కానీ టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది.

"భూతద్దం ఉందా?"

పాప అందించింది.

"ఇతను," అంది టీచరమ్మ. ఆమె వేలు మోసేవాడి మీద లేదు, వీపు మీదివాడి మీద ఉంది. ముందుకు వేలాడుతున్న అతని చేతి మీద ఉంది. "వాచీ ఏ చేతికుంది పాపా? సరిగ్గా చూసి చెప్పు. ఇది అసలు బొమ్మేనా? ఇందులో కుడి కుడేనా?"

"కుడి కుడే అత్తయ్యా. వాచీ కుడిచేతికుంది."

"కుడిచేతికి ఎవడు పెట్టుకుంటాడే వాచీ?"

పాపకు అప్పటికి వెలిగింది. ఎడమచేత్తో పనిచేసేవాడే కుడిచేతికి వాచీ పెట్టుకుంటాడు. తిరగేసిన బొమ్మలో అది అందరికీ ఉన్నట్టే ఎడమచేతికి కనిపించింది, కనక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అసలు వీపు మీదివాణ్ణి చూసిందెవరు? లోకమంతా మోసేవాడినే చూసింది. టీచరమ్మ కూడా ఇన్నేళ్ళూ పరాయివాడి చెయ్యి చూసుకుని మురిసింది, మొగుడు ఆ పక్కనే తలవాల్చి ఉంటే.

"పెళ్ళైన కొత్తలో దీని మీద మా ఇద్దరికీ ఎంత గొడవో," అంది టీచరమ్మ.  "అందరిలా పెట్టుకోవచ్చుగా అంటే, పనిచేసే చేతికి సంకెళ్ళెందుకు అనేవాడు. పారిపోలేదు పాపా. పారిపోలేదు. దెబ్బ తగిలి పడిపోయాడు. ఎవరో మహానుభావుడు ఎత్తుకొచ్చాడు." ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద తల వాల్చి అప్పుడు ఏడ్చింది. పాప వెళ్ళి వీపు మీద చెయ్యి వేస్తే తోసెయ్యలేదు.

కానీ టీచరమ్మ లెక్కల మనిషి. ఏడుపు తెమలకముందే తలెత్తింది.

"ఇది చూపిస్తే కచేరీవాళ్ళు నమ్ముతారా? నిన్నటిదాకా మోసేవాడు నా మొగుడన్నాను. ఇవాళ కాదు కాదు, వీపు మీదివాడు నా మొగుడంటే నవ్వరూ? ఈ ముసలిదానికి బొమ్మలో ఎవడు కనపడితే వాడే మొగుడు అనరూ? మోసేవాడు కాదని తేలగానే ఆ పాత మాట మళ్ళీ ఆయన పేరు పక్కన కూర్చుంటుంది. నా మనవడు కూడా బళ్ళో కాళ్ళ చప్పుడు వినాలి." ఆమె ముసలాయన వైపు తిరిగింది. "ఇప్పుడు సాక్ష్యం నువ్వొక్కడివే అన్నయ్యా. ఆయన దగ్గర నిలబడ్డవాళ్ళలో బతికున్నది నువ్వొక్కడివే. ఆయనేమైనా మాట్లాడాడా? తెలివిలో ఉన్నాడా?"

ముసలాయన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఉన్నాడు," అన్నాడు. "ఒక్క మాట అన్నాడు. అర్థంపర్థం లేని మాటమ్మా. జ్వరంలో కలవరింత అనుకున్నాను."

"ఏమన్నాడు?"

"'బెల్లు ఇంకా కొట్టలేదా' అన్నాడు. ఆ అడవిలో బెల్లేమిటి? అందుకే గుర్తుండిపోయింది."

టీచరమ్మ నవ్వింది. చెంపల మీద కన్నీళ్ళు అలాగే ఉన్నాయి, నిజంగానే నవ్వింది.

"ఆయనే! ఇంకెవరంటారు ఆ మాట? టీచరు మొగుణ్ణి కదా, అని నన్ను ఏడిపించడానికి పట్టుకున్న మాట. నేను గుమ్మంలో ఎవరితోనైనా కబుర్లలో పడి నిలబడిపోతే వెనక నుంచి, 'బెల్లు ఇంకా కొట్టలేదా' అనేవాడు. మా పెళ్ళిలో ఫోటోల వాడు ఇటు తిరగండి, అటు తిరగండి అని చంపుతుంటే వాణ్ణీ అలాగే అన్నాడు. పెళ్ళివారంతా ఒకటే నవ్వు. మా ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ తెలుసు ఆ మాట. కచేరీలో కూడా నిలబడి చెప్తారు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఏదైనా సాగదీస్తుంటే విసుగొచ్చి అనేవాడు. ఇంకెప్పుడూ అనేవాడు..."

అంటూ అంటూ ఆగిపోయింది. నవ్వు మొహం మీద అలాగే కాసేపు ఉండి, ఆ తర్వాత పోయింది.

"విసుగొస్తేనే అంటాడు," అంది నెమ్మదిగా. "రక్తం కారుతూ వీపు మీద వేలాడేవాడికి విసుగేమిటన్నయ్యా? అక్కడ ఏం సాగదీస్తున్నారు?"

ముసలాయన తలెత్తలేదు.

"నిన్నే. ఏం సాగుతోంది అక్కడ?"

పాప నాన్నను చూసింది. ఆయన చెప్పడని తెలిసిపోయింది. నెగెటివ్ ఒక్కటే విడిగా ఉండదు, ముందువీ తర్వాతవీ కలిపి ఒక ముక్కగా ఉంటుంది. నిన్న అంకెల గొడవలో పడి పాప ఆ పక్క బొమ్మల్ని సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు వెళ్ళి ఆ ఫిల్ము ముక్క తెచ్చి, అద్దాల బల్ల మీద పెట్టి, బల్ల కింద లైటు వేసింది. భూతద్దం పెట్టి తనే ముందు చూసింది.

చూసి, లైటు ఆర్పేద్దామనుకుంది. ఒక్క క్షణం. చెప్పొద్దూ, చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది కూడా. పొద్దున్నుంచి ఆడిన అబద్ధాలు చాలనిపించి వెనక్కి తీసుకుంది.

"చూడత్తయ్యా," అంది.

టీచరమ్మ వంగి చూసింది. మొదటి గడి అంతా మసక, చెట్ల నీడలో ఇద్దరు మనుషులు వాగులోకి దిగుతున్నారు. రెండో గడిలో మళ్ళీ దిగుతున్నారు, ఈసారి కాస్త వెలుతురుంది. మూడో గడి లోకమంతా ఎరిగిన బొమ్మ.

"ఎన్ని వాగులు దాటారు వీళ్ళు?" అని అడిగింది టీచరమ్మ.

 పాప చెప్పాల్సిన పని లేకపోయింది. మూడు గడుల్లోనూ ఒడ్డున అదే వంకర వేరు ఉంది, అదే నునుపు రాయి ఉంది. టీచరమ్మ వేలితో వేరును మూడు చోట్లా తాకింది.

"ఒకటే వాగు," అంది. "మూడుసార్లు దిగారు."

"మొదటిసారి వెలుతురు చాల్లేదమ్మా," అన్నాడు ముసలాయన నేల చూస్తూ. "చెట్ల కింద పట్టపగలే చీకటి. వెనక్కెళ్ళి ఎండ పడే చోటు నుంచి దిగమన్నాను. పత్రికవాళ్ళు చెప్పినట్టు చెయ్యమని వాళ్ళకి పైనుంచి ఆర్డరు. ఆ మోసే పిల్లాడు మారు మాట్లాడకుండా ఎక్కి మళ్ళీ దిగాడు. రెండోసారి మొహం అటు తిరిగిపోయింది. ఇంకొక్కసారి అన్నాను. అప్పుడే మీ ఆయన ఆ మాటన్నాడు."

"మూడోసారి?"

"మూడోసారి బాగా వచ్చింది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తనేమన్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పాప ఆ చేతుల్ని చూసింది. చిన్నప్పుడు తను పట్టుకుని రోడ్డు దాటిన చేతులు. వాటిని చూడటానికి కూడా సిగ్గేసింది.

టీచరమ్మ అద్దాల బల్ల మీదికి ఇంకా కిందికి వంగింది. ఫిల్ము ముక్కలో నాలుగో గడి కూడా ఉంది. దాని మీద పాప బొటనవేలు ఉంది. పాప దాన్ని ఇందాకే చూసింది, చూశాకే వేలు అక్కడికి వెళ్ళింది.

"వేలు తియ్యి పాపా," అంది టీచరమ్మ.